సీసాలో పచ్చ గీత

ద్వారకానాథ్ రోజూ పొద్దున ఆరున్నరకి చెరువు దగ్గరికి వెళ్ళి ఒక గాజు సీసా ముంచుకొస్తాడు. ఒకప్పుడు నిమ్మకాయ ఊరగాయ ఉన్న సీసా అది. ఎన్నిసార్లు కడిగినా మూతకి ఇంగువ వాసన మిగిలే ఉంది. పడవలు దింపే కాంక్రీటు వాలు చివర మోకాలి లోతుకి దిగి, నీళ్ళు కలకబారకుండా వంగి ముంచి, మూత బిగించి, తను మకాం ఉండే కారవాన్ బండి ముందున్న మడత బల్ల మీద పెడతాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. మధ్యాహ్నం దాకా అదలా కదలకుండా ఉండాలి. మామూలు పాచి అయితే అడుక్కి దిగుతుంది. విషం చిమ్మే నీలిపచ్చ పాచి అయితే పైకి తేలి, సీసా మెడ దగ్గర గీత కడుతుంది. లక్షల ఖరీదు చేసే యంత్రం చెప్పే సంగతే ఊరగాయ సీసా కూడా చెబుతుంది. కాకపోతే అంకె చెప్పదు.

ఆ పని అతన్ని ఎవరూ చెయ్యమనలేదు. అరవై ఆరేళ్ళ ద్వారకానాథ్ ఆ పార్కులో క్యాంప్ హోస్టు మాత్రమే. జీతం లేదు. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో కారవాన్ నిలుపుకోవడానికి చోటూ, కరెంటూ ఊరికే ఇస్తారు. బదులుగా, వచ్చినవాళ్ళకి వాళ్ళ చోటు చూపించాలి. మరుగుదొడ్లలో కాగితం అయిపోతే పెట్టాలి. మంట వెయ్యకూడని చోట వేసినవాళ్ళకి మర్యాదగా చెప్పాలి. ఏ రోజు ఏం జరిగిందో ఒక పుస్తకంలో రాయాలి. ఆస్ట్రేలియాలో టూవూంబా ఊరి నుంచి గంటన్నర దూరం. పద్నాలుగు చోట్లు, ఒక మరుగుదొడ్ల గది, చేపలు కోసుకునే స్టీలు బల్ల, చుట్టూ నీలగిరి జాతి గమ్ చెట్లు. శనాదివారాల్లో కూడా సగం చోట్లు ఖాళీగానే ఉంటాయి. పొద్దున పెలికన్లు, సాయంత్రం కంగారూలు. మిగతా సమయంలో గాలి.

అతను తెనాలిలో పుట్టాడు. గుంటూరులో కెమిస్ట్రీ చదివాడు. ముప్ఫై ఆరేళ్ళ క్రితం పై చదువుకి వచ్చి, ఒక ఊరి నీటి శుద్ధి కేంద్రంలో పరీక్షల గదిలో చేరి, ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. ఊరంతా తాగే నీళ్ళని ఊరికంటే ముందు చూసేవాడు. ఆ ఉద్యోగంలో ఎవరికీ ఏమీ కాకపోవడమే ఫలితం. ఏమీ కాలేదని వచ్చి ఎవరూ దండ వెయ్యరు. అతనికీ ఆ ఆశ లేదు. రంగు, రుచి, వాసన లేనివాడని అతని భార్య లీలావతి అంటుంది, మంచి నీళ్ళ లక్షణాలన్నీ ఉన్నాయని.

లీలావతి డాక్టరు. టూవూంబాలో ఇప్పటికీ వారానికి మూడు రోజులు రోగుల్ని చూస్తుంది. ఆ కారవాన్‌లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. "నాలుగు బెడ్‌రూముల ఇల్లు కట్టుకుంది ఈ డబ్బాలో ముడుచుకోడానికా?" అంటుంది. ఆదివారాలు కూరలు డబ్బాల్లో సర్దుకుని వచ్చి, చెరువు వంక చూసి, పక్కింటివాళ్ళ పిల్లాణ్ణి చూసినట్టు "బాగుంది" అని వెళ్ళిపోతుంది.

కారవాన్ కింది అరలో పనిముట్ల పెట్టె పక్కన రెండు ఎర్ర రేకు పలకలు ఉంటాయి. చెరువుకి పాచి పట్టినప్పుడు తగిలించడానికి, పార్కు నడిపే కౌన్సిల్ ఇచ్చినవి. ఒకటి పడవల వాలు దగ్గరికి, నీళ్ళలో దిగవద్దని. రెండోది మరుగుదొడ్ల పక్కనున్న పంపుకి. ఆ పంపుకి నీళ్ళు చెరువులోంచే మోటారుతో ఎక్కి, ఒక ట్యాంకులో నిలిచి వస్తాయి. పంపు మీద మామూలు రోజుల్లో ఉండే బోర్డు, ఇవి శుద్ధి చెయ్యని నీళ్ళు, తాగేటట్టయితే ఒక నిమిషం మరిగించండి, అంటుంది. ఎర్ర పలక మాత్రం, తాగవద్దు, కాచినా తాగవద్దు, అంటుంది.

కిందటేడు ఈస్టర్ సెలవుల్లో అతను సీసాలో గీత చూసి, ఎవర్నీ అడక్కుండా రెండు పలకలూ తగిలించాడు. ఐదు గంటలు పడవ లాక్కొచ్చిన రెండు కుటుంబాలు తిట్టుకుంటూ వెనక్కి పోయాయి. మర్నాడు వచ్చిన కౌన్సిల్ పరీక్ష ఫలితంలో నీళ్ళు బాగానే ఉన్నాయని తేలింది. పార్కు చూసుకునే రేంజర్ గ్రెగ్ మంచివాడు. గొంతు పెంచలేదు. "డ్వార్క్, నువ్వు ఇప్పుడు వాలంటీరువి. కెమిస్టువి కాదు" అన్నాడంతే. ద్వారకానాథ్ తలూపాడు. ఆ మాట ఏడాది పాటు, చేప ముల్లులా, మింగినప్పుడల్లా తగిలింది. సీసా ముంచడం మానలేదు గానీ, చెప్పకుండా పలకలు పెట్టకూడదని మాత్రం అనుకున్నాడు.

ఈ మార్చిలో ఒక శుక్రవారం, వారం రోజులుగా గాలి లేక ఎండ కాసిన తర్వాత, మధ్యాహ్నం పన్నెండింటికి సీసా మెడ దగ్గర దారమంత పచ్చ గీత కనిపించింది.

ఆ పార్కులో ఫోను పనిచేసేది ఒక్క చోటే, పడవల వాలు పైన చేపల బల్ల పక్కన. అక్కడ నిలబడి గ్రెగ్‌కి ఫోన్ చేశాడు. మంగళవారం కౌన్సిల్ వాళ్ళు పరీక్షకి నీళ్ళు తీసుకెళ్ళారట. సోమవారం ఫలితం వస్తుందట. "అప్పటిదాకా ఆగుదాం. ఎవరైనా ఈతకి దిగితే నోటితో చెప్పు" అన్నాడు గ్రెగ్. సరేనన్నాడు. పంపు సంగతి ద్వారకానాథ్ అడగలేదు. ఎందుకు అడగలేదో అప్పుడు ఆలోచించనూ లేదు. ఉన్నవాళ్ళు ఐదు జంటలు, అందరూ డెబ్భై ఏళ్ళవాళ్ళు, కారవాన్ ట్యాంకుల్లో ఇంటి నీళ్ళు నింపుకొచ్చినవాళ్ళు. ఆ పంపు దగ్గర గిన్నెలు కడుగుతారు, బురద కాళ్ళు కడుగుతారు. ఆ నీళ్ళు తాగేవాడెవడు?

పలకలు అరలోనే ఉండిపోయాయి.

నాలుగు గంటలకి ఒక అద్దె మోటార్‌హోమ్ వచ్చింది. లోపలే మంచం, స్టవ్వు, సింకు ఉన్న పెద్ద తెల్ల బండి. తొమ్మిదో నంబరు చోట్లోకి వెనక్కి తీసుకోవడానికి నాలుగోసారి ప్రయత్నం జరుగుతోంది. చంకలో పసిపాపతో ఒక అమ్మాయి వెనక నిలబడి చెయ్యి ఊపుతోంది.

"రా... రా... ఇంకా రా... అరే, ఆగు!"

"ఆగు అంటె ఎంతల ఆగాలె? ఒక నంబర్ చెప్పు."

"నంబర్ లేదు, చెట్టుంది. ఆగు!"

ద్వారకానాథ్ దగ్గరికి వెళ్ళి, "ఎడమకి తిప్పు బాబూ. ఆ చెట్టు నీకంటే ముందే బుక్ చేసుకుంది" అన్నాడు.

ఇంజను ఆగిపోయింది. కిటికీలోంచి తల బయటికొచ్చింది. "అంకుల్, మీరు తెలుగా!"

అతని పేరు భార్గవ్, ఆమె సాహిత్య. ఇద్దరిదీ కరీంనగర్. బ్రిస్బేన్‌లో ఉంటారు. పాపకి ఏడు నెలలు. ఇంట్లో అందరూ పండు అంటారు. పుట్టిన తర్వాత ఇల్లు వదిలి బయట పడుకోవడం ఇదే మొదలు. భార్గవ్ మైక్రోబయాలజీలో డాక్టరేట్ చేసి, ఆహార పదార్థాలు తయారుచేసే కంపెనీలో పరీక్షల విభాగంలో ఉన్నాడు. బ్యాక్టీరియా పేర్లు అతనికి చుట్టాల పేర్లలా నోటికి వస్తాయి. బండి దిగగానే గాలిలో వేడి కొలిచాడు. పాప మంచం మీద ఇంకో థర్మామీటరు పెట్టాడు. పాము కరిస్తే కట్టే గుడ్డ, పాలసీసాలు ఉడికించే యంత్రం, దోమతెరతో చిన్న గుడారం వరసగా దించాడు.

"మార్స్‌కు పోతున్నం అనుకున్నడు అంకుల్ ఈయన" అంది సాహిత్య. "ఆక్సిజన్ సిలిండర్ ఒక్కటే మర్చిపోయిండు."

"నవ్వు, నవ్వు. హాస్పిటల్ నలభై నిమిషాలు తెలుసా?"

"తెల్సు. నువ్వే పదిసార్లు చెప్పినవ్."

ద్వారకానాథ్ మరుగుదొడ్లు, చెత్త డబ్బాలు చూపించాడు. తర్వాత, "పాపని నీళ్ళలో దింపకండి. కాళ్ళు కూడా తడపొద్దు. చెరువుకి పాచి పట్టేట్టుంది" అని చెప్పాడు.

"అసల్ దింపం అంకుల్. బీచ్‌లనే దింపలే."

సాయంత్రం వాళ్ళు టీకి పిలిచారు. సాహిత్య ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి పెట్టింది. పండు అతని టోపీ అంచు పట్టుకుని నోట్లో పెట్టుకోబోతే భార్గవ్ గబుక్కున లాగేసి, తడిగుడ్డతో పాప చేతులు తుడిచాడు. ఒకే వేలిని రెండుసార్లు తుడవడం ద్వారకానాథ్ చూశాడు. నవ్వొచ్చింది. టీలో సన్నగా మట్టి వాసన తగిలింది, తొలకరికి నేల వదిలే వాసన లాంటిది. యాలకులు పాతవేమో అనుకున్నాడు. గ్లాసు ఖాళీ చేశాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు నీళ్ళలో ఆ పాచి వాసన పట్టుకోవడానికే జీతం తీసుకున్న ముక్కు అది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి అటువైపు వెళ్ళాడు. భార్గవ్ బండి బయట గ్యాస్ స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టి, ఫోన్‌లో టైమర్ చూస్తూ నిలబడ్డాడు. గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. పక్కన నాలుగు పాలసీసాలు గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి.

"గుడ్ మార్నింగ్ అంకుల్. పండుకు నీళ్ళు."

"అంత పెద్ద గిన్నెనా?"

"ఇరవై నిమిషాలు మరిగిస్త. బోర్డు మీద ఒక్క నిమిషమే రాసిన్రు. ఈ దేశంల అంతే, అన్నిట్ల తొందర. నేనైతే రిస్క్ తీస్కోను. రాత్రి మరిగించినయే మళ్ళ ఇప్పుడు మరిగిస్తున్న."

ద్వారకానాథ్ గిన్నె మీదికి వంగాడు. ఆవిరిలో తొలకరి వాసన. ఈసారి యాలకులు లేవు.

"ఎక్కడి నీళ్ళు ఇవి?"

"పంపువి."

"బండి ట్యాంకులో నీళ్ళు లేవా?"

"ఉన్నయ్. కానీ అద్దె బండి కదా, ఆ ట్యాంక్ లోపల ఎవ్వడు కడిగిండో, ఎప్పుడు కడిగిండో! బాటిల్ నీళ్ళంటె ప్లాస్టిక్. ఎండల పెడితె ఇంకా దారుణం. కాచి చల్లార్చిన నీళ్ళంత సేఫ్ ఏదుంది అంకుల్?"

ద్వారకానాథ్ చెయ్యి చాచి స్టవ్ ఆర్పేశాడు. భార్గవ్ ఏదో అనబోయి, అతని మొహం చూసి ఆగాడు.

"పాప ఎన్నిసార్లు తాగింది?"

"నిన్న రాత్రి ఎనిమిదికి. తెల్లారంగ. మళ్ళ ఇప్పుడే, ఏడున్నరకు. ఏమైంది అంకుల్?"

"పాచి ఉన్న నీళ్ళు. మరిగిస్తే పాచి చస్తుంది. దాని లోపలి విషం చావదు. కణం పగిలి అంతా నీళ్ళలోకి వస్తుంది. ఎంత మరిగిస్తే అంత చిక్కబడుతుంది."

అతను నెమ్మదిగా, పరీక్షల గదిలో కొత్తగా చేరినవాడికి చెప్పినట్టు చెప్పాడు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. మొదటి వాక్యానికే భార్గవ్‌కి తెలిసిపోయింది. చదువుకున్న పాఠమే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. బండి లోపల పండు ఏదో పలుకుతోంది. సాహిత్య తనలో తను నవ్వుకుంటోంది.

"సాహిత్యా," అన్నాడు భార్గవ్, మామూలు గొంతుతో అనడానికి ప్రయత్నించి. "పండును తీస్కొని బయటికి రా."

ముగ్గురూ పాపతో, ఫోను పనిచేసే పడవల వాలు పైకి నడిచారు. దారిలోనే భార్గవ్ సాహిత్యకి సంగతి చెప్పాడు. ద్వారకానాథ్ ముందు భార్యకి ఫోన్ చేశాడు. లీలావతి ఒక్కసారి కూడా అతన్ని విసుక్కోలేదు. అది మంచి లక్షణం కాదని అతనికి తెలుసు. "వాంతులున్నాయా? మందకొడిగా ఉందా? ఒంటి మీద దద్దుర్లు? బరువెంత?" అని వరసగా అడిగింది. పాప బాగానే ఉంది, భార్గవ్ చొక్కా గుండీ కొరుకుతోంది. "విషాల హెల్ప్‌లైన్‌కి చెయ్యండి. వాళ్ళు ఏమన్నా సరే, హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. లివర్ చూడాలి. ఆ నీళ్ళు సీసాలో పట్టి పంపండి" అంది. హెల్ప్‌లైన్‌లో మాట్లాడిన ఆవిడ కూడా అంతే చెప్పింది.

మోటార్‌హోమ్ కొండ రోడ్డు మీద తాబేలులా పోతుంది కాబట్టి ద్వారకానాథ్ కారులో బయల్దేరదామనుకున్నారు. పాప సీటు అందులోంచి ఊడదీసి ఇందులో బిగించాలి. భార్గవ్ రెండుసార్లు బిగించినా కొక్కెం పట్టలేదు. సాహిత్య అతన్ని పక్కకి తోసి తనే బిగించింది.

ఆ కాసేపట్లో ద్వారకానాథ్ మూడు పనులు చేశాడు. పంపు నీళ్ళు ఒక సీసాలో, గిన్నెలోని నీళ్ళు ఇంకో సీసాలో పట్టి, తేదీ, సమయం రాసి అతికించాడు. పంపు వెనక వాల్వు కట్టేశాడు. అరలోంచి ఎర్ర పలక తీసి పంపు మెడకి తీగతో కట్టాడు. రెండు నిమిషాల పని. ఇరవై గంటలు ఆలస్యంగా జరిగింది.

కారు కొండ రోడ్డు ఎక్కింది. భార్గవ్ ముందు సీట్లో ఫోన్ పట్టుకుని లెక్కలు వేస్తున్నాడు. అక్కడ సిగ్నల్ లేదు. క్యాలిక్యులేటర్ ఒకటే పనిచేస్తోంది.

"మూడు ఫీడ్‌లు, ఒక్కోటి నూటా ఎనభై మిల్లీలీటర్లు. బరువు ఏడున్నర్ కేజీలు. అంకుల్, లీటర్‌కు ఎన్ని మైక్రోగ్రాములు ఉంటయ్ అనుకోవాలె?"

"తెలీదు."

"పది అనుకుంటె—"

"తెలియని అంకెని ఎంత గుణించినా తెలియనిదే వస్తుందయ్యా. ఫోన్ పక్కన పెట్టు."

భార్గవ్ పెట్టాడు. మళ్ళీ తీశాడు.

నిజం చెప్పకుండా ఉండటం ద్వారకానాథ్‌కి చాలా తేలికే. పంపు మీద మామూలు బోర్డే ఉంది. పరీక్ష ఫలితం రాలేదు. రేంజర్ ఆగమన్నాడు. సీసా సంగతి గ్రెగ్‌కీ తనకీ తప్ప ఎవరికీ తెలియదు. ఒక చిన్న వంతెన దాటాడు. మలుపు దగ్గర ఆవులు అడ్డొస్తే ఆగాడు. అవి వెళ్ళేదాకా చూసి, గేరు వెయ్యకుండానే అన్నాడు.

"నాకు నిన్న మధ్యాహ్నమే తెలుసమ్మా."

వెనక సీట్లోంచి సాహిత్య ముందుకి వంగింది.

"ఏం తెల్సు?"

"పాచి పైకొచ్చిందని. పంపుకి కట్టాల్సిన పలక నా దగ్గరే ఉంది. కట్టలేదు."

"చెరువుల దింపొద్దని చెప్పిన్రు కదా మాకు."

"చెరువు గురించి చెప్పాను. పంపు గురించి చెప్పలేదు. ఆ నీళ్ళు ఎవరూ తాగరనుకున్నా."

"ఎవరూ అంటె ఎవరు అంకుల్?" సాహిత్య గొంతు పెరగలేదు. "వాళ్ళు తాగరు. మేం తాగుతం. కాచుకొని తాగుతం. మీ ఇంట్ల కాచుకోలేదా ఎన్నడు?"

"మా అమ్మ ఇక్కడికొచ్చి ఉన్న ఆర్నెల్లూ పంపు నీళ్ళు కాచే తాగింది. నేను పరీక్ష చేసిన నీళ్ళే అవి. అయినా కాచేది."

"మరి?"

ద్వారకానాథ్ గేరు వేశాడు. అద్దంలో సాహిత్య అతని వంక చూడటం మానేసి, పాప కనురెప్పలు వేలితో పైకెత్తి చూస్తోంది. కళ్ళు పచ్చబడ్డాయేమోనని. పండు ఆటనుకుని నవ్వుతోంది.

"నేనే కదా మరిగించింది" అన్నాడు భార్గవ్, కిటికీ వంక తిరిగి. "నిమిషం చాలని రాసి ఉంటె, ఇరవై నిమిషాలు. రెండుసార్లు."

"నువ్వు నోరు మూసుకో కాసేపు" అంది సాహిత్య. కోపంగా కాదు.

ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో యువ డాక్టరు ఒకామె అంతా ఓపిగ్గా విన్నది. పాచి కేసు ఎప్పుడూ చూడలేదని దాచకుండా చెప్పి, పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగింది. పాపని సాయంత్రం దాకా ఉంచుకుంటామంది. రక్తం తీసేటప్పుడు భార్గవ్ గోడ వైపు తిరిగాడు. రోజుకి వంద నమూనాలు చూసే మనిషి. సాహిత్య పాప కాళ్ళు పట్టుకుంది. పండు ఏడ్చిన ఏడుపు వసారా చివర కూర్చున్న ద్వారకానాథ్‌కి వినిపించింది. గట్టి ఏడుపు. బలమున్న ఏడుపు. అతను ఆ రెండో మాటని పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాకా అలా గడిచింది. మధ్యలో ఒకసారి భార్గవ్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"సీసాల ఎట్ల తెలుస్తది అంకుల్?"

ద్వారకానాథ్ చెప్పాడు. తేలేది, మునిగేది, గీత. భార్గవ్ శ్రద్ధగా విని, "గాలి బుడగలు ఉంటయ్ ఆ కణాల్ల. అందుకే తేలుతయ్. చదివిన నేను" అన్నాడు. "చదివిన" అన్నాడు మళ్ళీ.

మూడున్నరకి డాక్టరు వచ్చింది. లివర్ పరీక్ష మామూలుగా ఉంది. పాప హుషారుగా ఉంది. అయినా ఇప్పుడే పూర్తిగా నిశ్చింత పడటానికి లేదు, రెండు రోజులయ్యాక మళ్ళీ రక్తం చూడాలి, ఈలోగా తిండి తగ్గినా, మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి, అంది. భార్గవ్ అన్నీ రాసుకున్నాడు.

పార్కుకి తిరిగొచ్చి వాళ్ళు సామాన్లు సర్దుకున్నారు. అడక్కుండానే ద్వారకానాథ్ తన కారవాన్‌లోంచి ఇరవై లీటర్ల క్యాను తెచ్చి వాళ్ళ బండి మెట్టు దగ్గర పెట్టాడు. "టూవూంబా ఇంటి నీళ్ళు. దారిలో పాపకి" అన్నాడు.

సాహిత్య క్యాను వంక చూసింది. తీసుకోదేమో అనిపించింది అతనికి. ఆమె వంగి మూత తీసి, గ్లాసులో పోసుకుని, వాసన చూసి, తను తాగింది. తర్వాత క్యాను లోపల పెట్టుకుంది. పర్వాలేదులే అంకుల్ అని అనలేదు. అతను ఆ మాట కోసం నిలబడనూ లేదు. ఈసారి బండి వెనక్కి తియ్యడానికి అతనే సైగ చేశాడు.

సాయంత్రం గ్రెగ్ వచ్చాడు. అప్పటికి ద్వారకానాథ్ పుస్తకంలో రాసేశాడు. శుక్రవారం పన్నెండు గంటలకి గీత కనిపించడం, పలక తన దగ్గర ఉండటం, కట్టకపోవడం, ఏడు నెలల పాప మూడుసార్లు ఆ నీళ్ళ పాలు తాగడం. చివర, నిర్ణయం నాదే, అని.

గ్రెగ్ చదివి తల గోక్కున్నాడు. "ఇదంతా రాయక్కర్లేదు. ఆగమన్నది నేనే కదా."

"నువ్వు ఆగమన్నది చెరువు సంగతి. పంపు సంగతి నేను నిన్ను అడగలేదు."

"రాస్తే నిన్ను ఇక్కడ ఉంచరు, డ్వార్క్."

"తెలుసు" అన్నాడు ద్వారకానాథ్. కాగితం చించలేదు.

సోమవారం ఫలితాలు వచ్చాయి, ఆసుపత్రి నుంచి పరీక్షకి వెళ్ళిన రెండు సీసాలవి కూడా. గట్టు దగ్గరి నీళ్ళలో విషం పరిమితి దాటింది. పంపు ట్యాంకులో చాలా తక్కువ, మోటారు లోతులోంచి తోడుతుంది కాబట్టి. తక్కువంటే లేదని కాదు. ద్వారకానాథ్ చేపల బల్ల పక్కన నిలబడి ఆ అంకె భార్గవ్‌కి పంపాడు. ఈసారి గుణించడానికి తెలిసిన అంకె. పావుగంటకి భార్గవ్ ఫోన్ చేశాడు.

"లెక్క చేసిన అంకుల్. లిమిట్‌కు లోపలనే ఉంది. నాలుగుసార్లు చేసిన." వెనక నుంచి సాహిత్య గొంతు, "ఆరుసార్లు!" అంది. రెండో రక్త పరీక్ష కూడా మామూలుగానే వచ్చిందట. పండు అరటిపండు తిని గోడకి పూసిందట. "రోజు గీత కోసం చూస్తున్నరా?" అని అడిగాడు చివర్లో. చూస్తున్నానన్నాడు.

బుధవారం కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. చేసిన సేవకి కృతజ్ఞతలు, విచారణ పూర్తయ్యేదాకా క్యాంప్ హోస్టు బాధ్యత నిలిపివేస్తున్నాం, అని నాలుగు వాక్యాలు. లీలావతి ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. కారవాన్ ముందు నీడకి కట్టే ఆనింగ్ గుడ్డ ఒక చివర తను పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ పనికి చెయ్యి వెయ్యడం అదే మొదలు. మడత వంకరగా వచ్చింది. ఇద్దరూ మళ్ళీ విప్పి మడిచారు.

"తప్పు నాదే అని రాసేటప్పుడు ఫోన్ చెయ్యాలనిపించలేదా నాకు?" అంది.

"చేస్తే వద్దంటావని."

"అనేదాన్ని కాదు" అంది లీలావతి. మడత అరచేత్తో నొక్కుతూ, "ఏమో, అనేదాన్నేమో" అంది.

గ్రెగ్ సాయపడటానికి వచ్చాడు. పంపు దగ్గర ఆగి ఎర్ర పలక వంక చూశాడు. ఇంగ్లీషు కింద తెల్ల రంగుతో ద్వారకానాథ్ ఇంకో వరస రాసి ఉన్నాడు, గుండ్రటి అక్షరాల్లో. ఏమిటని అడిగాడు గ్రెగ్.

"పైన రాసిందే. కాచినా తాగొద్దని."

"పైన ఉందిగా, మళ్ళీ ఎందుకు?"

"పైనది చదివి కూడా, ఇంకో పది నిమిషాలు మరిగిస్తే చాలనుకుంటారు మావాళ్ళు."

గ్రెగ్‌కి అర్థమైనట్టు లేదు. కానీ చెరిపెయ్యమనలేదు. బల్ల మీద మిగిలిన సీసా చేతిలోకి తీసుకుని మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఇది నాకిస్తావా? రోజూ ముంచి పెడతాను. ఎంతసేపు ఉంచాలి?"

"మధ్యాహ్నం దాకా. కదపకూడదు."

"గీత కనిపిస్తే? ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

ద్వారకానాథ్ కారవాన్ కొక్కెం బిగించి, ఒకసారి లాగి చూసి, నడుం ఎత్తాడు.

"ముందు పంపు కట్టెయ్. ఫోన్ తర్వాత."